మేలో ఆగిపోయి జనవరిలో నడిచే కంప్యూటర్: డెస్క్‌టాప్‌లో దుమ్ము నిజంగా చేసేదేంటి?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే ఉచిత అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ ఆపేసింది. దాంతో చాలా ఇళ్లలో ఒక ప్రశ్న లేచింది. మూలన పడున్న డెస్క్‌టాప్‌ను బాగు చేయించుకోవాలా, వదిలేసి కొత్తది కొనాలా? ఇంజినీరింగ్ చదివే పిల్లలకని కొన్నవి, 2020లో ఆన్‌లైన్ క్లాసుల కోసం తెచ్చినవి, షాపుల్లో బిల్లింగ్‌కి పెట్టుకున్నవి... విజయవాడ, గుంటూరుల్లో ఇలాంటి పెట్టెలకు కొదవ లేదు. కొత్తది కొందామంటే 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగిపోయాయి. అందుకే పాతదాని మీద మళ్లీ ఆశ పుట్టింది.

తీరా స్విచ్ వేస్తే ఫ్యాన్ రొద పెడుతుంది, పది నిమిషాలకు పెట్టె ఆగిపోతుంది. లేదంటే తెర మీద బొమ్మే రాదు. అప్పుడు తలో మాటా చెబుతారు. ‘దుమ్ము పట్టేసిందండీ, సర్వీసు చేయాలి’ అంటాడు రిపేరు షాపతను. ‘దుమ్ముతో ఏం కాదు మావయ్యా, ఎస్‌ఎస్‌డీ వేయించు’ అంటాడు మేనల్లుడు (పాత హార్డ్ డిస్క్‌కి బదులు వేసే, చాలా వేగంగా చదివే నిల్వ పరికరం అది). ‘పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తే సరి’ అంటాడు పక్కింటాయన. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. కాకపోతే ఒక్కో మాట ఒక్కో లోపానికే పనికొస్తుంది. ఏది దేనికో తెలియాలంటే దుమ్ము లోపల చేసే పనేంటో చూడాలి. దుమ్ము వల్లే కంప్యూటర్ నేరుగా చచ్చిపోవడం అరుదు. వేడిని తట్టుకోవడానికి దానికున్న వెసులుబాటును దుమ్ము కొద్దికొద్దిగా తినేస్తుంది. మన ఎండాకాలంలో ఆ వెసులుబాటు ముందే తక్కువ.

పెట్టె లోపల వేడి బయటికి వచ్చే దారి

మనం ఇళ్లలో సీపీయూ అని పిలిచే ఇనప పెట్టె కేబినెట్. అసలు సీపీయూ అంటే లోపల మదర్‌బోర్డు (భాగాలన్నీ బిగించే ప్రధాన బోర్డు) మీద ఉండే, నాలుగు సెంటీమీటర్ల వెడల్పు కూడా లేని చదరపు చిప్. మామూలు డెస్క్‌టాప్ చిప్ గట్టిగా పనిచేసేటప్పుడు 65 వాట్ల దాకా కరెంటు తీసుకుంటుంది, దాదాపు అదంతా వేడిగా మారుతుంది. అంత చిన్న చోట పుట్టిన వేడిని వెంటనే తీసేయకపోతే క్షణాల్లో ఉష్ణోగ్రత ఎగబాకుతుంది.

చిప్ మీద బూడిద రంగులో లేదా తెల్లగా ఉండే పేస్ట్ రాస్తారు. దాని మీద హీట్‌సింక్, అంటే పల్చటి అల్యూమినియం రెక్కల దిమ్మె. దాని మీద ఫ్యాన్. చిప్ పైభాగం, హీట్‌సింక్ అడుగుభాగం చూడ్డానికి నున్నగానే ఉన్నా వాటి మధ్య కంటికి కనపడని ఖాళీలుంటాయి, వాటిలో గాలి ఉంటుంది. గాలి వేడిని మోయడంలో బహు బలహీనమైంది. రాగికి వేడిని దాటించే శక్తి సుమారు 400 అనుకుంటే అల్యూమినియంకి 200 పైన, మామూలు పేస్ట్‌కి ఐదారు, గాలికి 0.025 మాత్రమే. పేస్ట్ గొప్పదని కాదు, గాలి అంత పనికిరానిది కాబట్టి ఆ ఖాళీలు నింపడానికి పేస్ట్ కావాలి.

వేడి రెక్కల్లోకి ఎక్కాక ఫ్యాన్ గాలి దాన్ని తోసుకుపోతుంది. ఆ వేడి గాలి కేబినెట్‌లోకి వస్తుంది. అక్కణ్నుంచి వెనక ఫ్యాన్, ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ బయటికి పంపాలి. ఎస్‌ఎంపీఎస్ అంటే గోడ కరెంటును కంప్యూటర్‌కి కావాల్సిన తక్కువ వోల్టుల్లోకి మార్చే డబ్బా.

మన దగ్గర అమ్ముడుపోయిన చవక కేబినెట్లలో చాలావాటికి ముందు వైపు ఫ్యాన్ ఉండదు. ఉన్నవి గాలిని బయటికి నెట్టేవే. బయటికి పోయినంత గాలి ఎక్కడో ఒకచోట లోపలికి రావాలి కదా. అది ముందు జాలీల నుంచి, యూఎస్‌బీ రంధ్రాల నుంచి, డీవీడీ డ్రైవ్ సందుల నుంచి, వెనక తీసేసిన కార్డు ఖాళీల నుంచి, ఎక్కడ సందుంటే అక్కణ్నుంచి వస్తుంది. ఆ దారుల్లో వడపోత ఏమీ లేదు. పెట్టె నేల మీద ఉంటే, ఇల్లు ఊడ్చిన ప్రతిసారీ లేచే దుమ్ము నేరుగా దాని ముక్కు దగ్గరే.

దుమ్ము ఎక్కడ పేరుకుంటే ప్రమాదం

కేబినెట్ డోరు తీయగానే అడుగున, బోర్డు మీద, వైర్ల మీద కనిపించే దుమ్ము చూసి చాలామంది కంగారు పడతారు. దానివల్ల వచ్చే నష్టం తక్కువ. అసలు నష్టం కనిపించని చోట ఉంది. హీట్‌సింక్ మీది ఫ్యాన్‌ను పైనుంచి చూస్తే రెక్కల అంచుల మీద కొంచెం నుసి ఉంటుంది, అంతే. నాలుగు స్క్రూలు విప్పి ఆ ఫ్యాన్‌ను ఎత్తితే, దానికీ అల్యూమినియం రెక్కలకీ మధ్య దుమ్ము, వెంట్రుకలు, బట్టల పీచు కలిసి అట్ట కట్టిన పొర బయటపడుతుంది. పాత పరుపు చింపితే వచ్చే దూదిలా అది ఒకే ముక్కగా ఊడొస్తుంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం రెక్కల్లోకి దిగదు.

దుమ్ము దుప్పటిలా కప్పి వేడిని ఆపుతుందని సాధారణంగా చెబుతారు. బోర్డు మీద చిన్న భాగాల విషయంలో అది కొంతవరకు నిజమే. సీపీయూ విషయంలో మాత్రం ప్రధాన కారణం గాలి దారి మూసుకుపోవడం. రెక్కల మధ్య సందు రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు, అది మూసుకోవడానికి ఎక్కువ దుమ్ము అక్కర్లేదు.

ఒక లెక్క: అదే కంప్యూటర్, రెండు కాలాలు

హీట్‌సింక్ ఎంత బాగా పనిచేస్తోందో చెప్పడానికి ఒక కొలత వాడతారు: చిప్ ఒక్కో వాట్ వేడి పుట్టించినప్పుడు దాని ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న గాలి కంటే ఎన్ని డిగ్రీలు పెరుగుతుంది అని. తేలిగ్గా అర్థమవడానికి కొన్ని అంకెలు అనుకుందాం. శుభ్రంగా ఉన్న హీట్‌సింక్‌కి అది వాట్‌కి 0.5 డిగ్రీలు. దుమ్ము పట్టినదానికి 0.9. శుభ్రమైన కేబినెట్ లోపలి గాలి గది కంటే 6 డిగ్రీలు వేడి, దుమ్ము పట్టినదాంట్లో 10 డిగ్రీలు వేడి. చిప్ 65 వాట్లతో పూర్తి బరువు మోస్తోంది.

జనవరిలో గది 24 డిగ్రీలు. శుభ్రమైన కంప్యూటర్‌లో 24కి 6, దానికి 65 వాట్ల మీద వచ్చే 32.5 కలిపితే చిప్ 62.5 డిగ్రీల దగ్గర ఉంటుంది. దుమ్ము పట్టినదాంట్లో 24, 10, 58.5 కలిపి 92.5. ఇది ఎక్కువే గానీ నడుస్తుంది. వాడేవాళ్లకు ఫ్యాన్ చప్పుడు తప్ప తేడా తెలియదు.

ఇప్పుడు రోహిణి కార్తె. ఏసీ లేని పై అంతస్తు గది, మధ్యాహ్నం 40 డిగ్రీలు. శుభ్రమైన కంప్యూటర్‌లో చిప్ 78.5 డిగ్రీలు, ఇబ్బంది లేదు. దుమ్ము పట్టినదాంట్లో 108.5. చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లకు పరిమితి సుమారు 100 డిగ్రీలు, ఏఎండీ కంపెనీ రైజెన్ చిప్‌లలో చాలావాటికి 90, 95. అంటే ఈ చిప్ ఆ వేడికి చేరనే చేరదు, ముందే తనను తాను కాపాడుకునే పని మొదలుపెడుతుంది. జనవరి నుంచి మే దాకా పెట్టెలో దుమ్ము పెద్దగా పెరగకపోయినా గది వేడెక్కడమే చాలు.

చిన్న పనులకు ఈ లెక్క వర్తించదు. ఉత్తరం టైప్ చేస్తున్నప్పుడు చిప్ 15 వాట్లే వాడుతుందనుకుంటే, దుమ్ము పట్టినదాంట్లో కూడా పెరిగేది 13.5 డిగ్రీలే. ‘టైపింగ్‌కి బానే ఉంది, వీడియో కాల్ పెడితేనే ఆగిపోతోంది’ అనే మాటకు అర్థం ఇదే. అలా చెప్పే మనిషి తనకు తెలియకుండానే లోపాన్ని కచ్చితంగా పట్టుకున్నట్టు.

వేడెక్కిన చిప్ ఏం చేస్తుంది

పరిమితికి చేరగానే చిప్ తన వేగం, వోల్టేజీ తగ్గించుకుంటుంది. దీన్ని థ్రాటిలింగ్ అంటారు. అప్పటికీ వేడి ఆగకపోతే కంప్యూటర్ ఒక్కసారిగా ఆగిపోతుంది, విండోస్ మూసుకునే వ్యవధి కూడా ఉండదు.

పై లెక్కలోని చిప్ మేలో 100 డిగ్రీలు దాటకుండా ఎన్ని వాట్లు మోయగలదు? లోపలి గాలి 50 డిగ్రీలు, మిగిలిన వెసులుబాటు 50 డిగ్రీలు, దాన్ని 0.9తో భాగిస్తే 55 వాట్లు. 65 నుంచి 55కి తగ్గడం వాడేవాళ్లకు పెద్దగా తెలియనే తెలియదు. అట్ట మరీ మందమై కొలత 1.5కి చేరితే 33 వాట్లు, అంటే సగం. వాట్లు సగమైతే వేగం సగమవదు, అంతకంటే తక్కువే పడిపోతుంది, ఎందుకంటే వోల్టేజీ కూడా తగ్గుతుంది కాబట్టి తక్కువ కరెంటుతో ఎక్కువ పని జరుగుతుంది. అందువల్ల ‘ముందు అర నిమిషంలో తెరుచుకునేది, ఇప్పుడు ఐదు నిమిషాలు పడుతోంది’ అంటే ఆ పదింతల తేడా దుమ్ము ఒక్కదాని వల్ల రావడం కష్టం. ఎస్‌ఎస్‌డీ వేయించమన్న మేనల్లుడి మాటకు బలం ఇక్కడే.

అన్ని దుమ్ములూ ఒకటి కావు

విజయవాడ, గుంటూరు రెండూ గాలి నాణ్యత మెరుగుపరచాల్సిన నగరాలుగా 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో ఉన్నాయి. గాలిలో తేలే పది మైక్రాన్ల లోపు ధూళి ఏడాది సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు మించకూడదన్నది దేశంలో ప్రమాణం. ఊపిరితిత్తుల కోసం పెట్టిన ప్రమాణమది. అయినా కంప్యూటర్ ఫ్యాన్ రోజంతా పీల్చేది ఆ గాలినే.

ఊళ్లో ఏ మూల ఉన్నారన్నదాన్ని బట్టి దుమ్ము స్వభావం మారుతుంది. ఇళ్లలో పేరుకునేది ఎక్కువగా బట్టల పీచు, వెంట్రుకలు, చర్మం పొట్టు, మట్టి. రెక్కల మధ్య అట్ట కట్టేది ఇదే. వంటింటి పక్క గదిలో ఉంటే తాలింపు పొగలోని నూనె, పూజగది దగ్గరుంటే అగరొత్తుల మసి దీనికి తోడై జిగురెక్కుతుంది, గాలి కొట్టినా ఊడదు. గుంటూరులో మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ కొట్లలోని కంప్యూటర్లలో మిరప నుసి ఉంటుంది. మిరప గింజల్లో నూనె ఉంటుంది కాబట్టి అది అంటుకునే రకం. మాస్కు లేకుండా దాన్ని బ్లోయర్‌తో ఊదితే గది వదిలి పారిపోవాల్సిందే. పత్తి మిల్లుల దగ్గర పీచు ఎక్కువ, అట్ట తొందరగా కడుతుంది. ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు వీటీపీఎస్ (విజయవాడ థర్మల్ విద్యుత్ కేంద్రం) బూడిద ఉంటుంది. అది ఎక్కువగా సిలికా, అల్యూమినా కలిసిన సన్నటి గాజు రేణువులు. పొడిగా ఉంటుంది కనుక ఊదితే తేలిగ్గా పోతుంది, కానీ ఫ్యాన్ బేరింగుల్లోకి దూరి అరగదీస్తుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆటోనగర్ దుమ్ము. గ్రైండింగ్, వెల్డింగ్, లేత్ పనులు జరిగే షెడ్డులో మూలన బిల్లింగ్ కంప్యూటర్ ఉంటుంది. అక్కడి నుసిలో ఇనుము ఉంటుంది. మామూలు దుమ్ము పొడిగా ఉన్నంతకాలం కరెంటును పోనివ్వదు. ఇనుప నుసి పోనిస్తుంది. చిప్ కాళ్ల మధ్య సందు అర మిల్లీమీటరు కూడా లేని చోట్లలో అది పడితే షార్ట్ అవుతుంది. దుమ్ము కంప్యూటర్‌ను నేరుగా చంపగలిగే అరుదైన సందర్భం ఇది.

రెండోది చెమ్మ. దుమ్ములో లవణాలుంటాయి. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే, అమ్మోనియం సల్ఫేటు 80 శాతం దాటితే నీరు పీల్చుకుని కరగడం మొదలుపెడతాయి. కృష్ణా తీరంలో వానాకాలపు ఉదయాల్లో తేమ తరచూ 80 దాటుతుంది. అప్పుడు బోర్డు మీది దుమ్ము పొర సన్నటి తడి పొరగా మారి, కరెంటు కారడానికీ, లోహం తుప్పు పట్టడానికీ దారిస్తుంది. రోజూ వాడే కంప్యూటర్ తన వేడితో తనే ఆరిపోతుంది. నాలుగేళ్లుగా ముట్టని కంప్యూటర్‌కి ఆ అవకాశం లేదు. వదిలేసిన పెట్టె సెప్టెంబరులో స్విచ్ వేస్తే మొరాయించడానికి ఇదొక కారణం.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదలో విజయవాడ సింగ్‌నగర్ లాంటి చోట్ల మునిగిన కంప్యూటర్లది వేరే కథ. లోపల ఆరి పొడైన ఒండ్రు దుమ్ములాగే కనపడుతుంది. కానీ అది కనెక్టర్ల లోపలికీ చిప్‌ల అడుగుకీ మురుగు నీటితో కలిసి చేరింది, తుప్పు అప్పుడే మొదలైంది. ఊదితే పైపొర పోతుంది, అడుగున ఉన్నది పోదు. బోర్డు విప్పి కడిగి, పూర్తిగా ఆరబెట్టకుండా అలాంటిదానికి కరెంటు ఇవ్వడం చేజేతులా చెడగొట్టుకోవడమే.

ఇక జీవాలు. బొద్దింకలు, చీమలు, ఎస్‌ఎంపీఎస్ వెచ్చదనానికి చేరే బల్లులు, వాటి గుడ్లు. వాడని పెట్టెల వెనక రంధ్రాల్లో కందిరీగ మట్టిగూడు కట్టడం మన దగ్గర మామూలే. ఆడియో రంధ్రంలోనో యూఎస్‌బీలోనో గట్టిపడిన ఆ మట్టిని గాలి కదిలించలేదు, చెక్క పుల్లతో ఓపిగ్గా రాల్చాల్సిందే.

దుమ్ము మీద పడే నిందలు

దుమ్ముతో సంబంధం లేని లోపాలు కూడా సర్వీసు బిల్లులో దుమ్ము ఖాతాలోకే చేరుతుంటాయి.

అన్నిటికంటే ఎక్కువగా పొరపడేది హార్డ్ డిస్క్ విషయంలో. పాత హార్డ్ డిస్క్ తిరిగే పళ్లెం మీద వెతికి చదువుతుంది, సెకనుకు వంద చోట్లకు మించి వెతకలేదు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ వేల సంఖ్యలో చదువుతుంది. ఇప్పటి విండోస్ వెనకాల చేసే పనులన్నీ ఇలాంటి చిన్న చిన్న వెతుకులాటలే. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గర నిలబడి, సీపీయూ 10 శాతంలో ఉంటే అది దుమ్ము సమస్య కాదు. సీపీయూ 100 శాతంలో ఉండి, పక్కనే చూపించే దాని వేగం మామూలుగా ఉండాల్సినదానికంటే బాగా పడిపోయి, ఫ్యాన్ రొద పెడుతుంటే అప్పుడు దుమ్మునో, ఎండిన పేస్ట్‌నో అనుమానించాలి.

తేదీ పాతకాలానికి వెళ్లిపోయి వెబ్‌సైట్లు తెరుచుకోకపోతే అది బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ అయిపోవడం. మూడు వోల్టుల ఆ బిళ్ల కంప్యూటర్ ఆపినప్పుడు గడియారాన్ని నడుపుతుంది. తేదీ తప్పయితే సైట్ల భద్రతా ధ్రువపత్రాలు చెల్లనట్టు కనిపిస్తాయి, జనం వైరస్ అనుకుంటారు. తెర నల్లగా ఉండి ఆగి ఆగి బీప్ వస్తుంటే ఎక్కువసార్లు అది ర్యామ్ కాంటాక్టుల లోపం. తీసి మళ్లీ నొక్కి పెడితేనే చాలాసార్లు పనిచేస్తుంది.

ర్యామ్ కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు మన షాపుల్లో ఎప్పటినుంచో ఉంది. తప్పని వాదించేవాళ్లు చెప్పేది, బంగారు పూత మైక్రాన్‌లో కొంత భాగమే ఉంటుంది, రుద్దుడుకి అరిగిపోతుందని. సరేననేవాళ్లు చెప్పేది, మెత్తటి రబ్బరుతో ఒకసారి తుడిస్తే ఏమీ కాదని, వేల కంప్యూటర్లు అలాగే బతికాయని. రెండూ నిజమే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే అరుగుదల ప్రశ్నే రాదు కాబట్టి అది మెరుగు. 2020 తర్వాత ఇంటింటా మిగిలిపోయిన హ్యాండ్ శానిటైజర్ దానికి బదులు కాదు. అందులో నీళ్లుంటాయి, చాలావాటిలో గ్లిజరిన్ కూడా ఉంటుంది, అది జిగురుగా మిగిలి కొత్త దుమ్మును పిలుస్తుంది.

బ్లోయరా, వాక్యూమ్ క్లీనరా, పంక్చర్ షాపు గాలా

విజయవాడ గవర్నర్‌పేటలో అయినా గుంటూరు బ్రాడీపేటలో అయినా రిపేరు షాపుల్లో వాడేది చేతి బ్లోయర్. దీని మీద ఉన్న ఫిర్యాదు ఫ్యాన్ల గురించి. బ్లోయర్ గాలికి ఫ్యాన్ దాని రేటింగ్‌కి మించి గిర్రున తిరుగుతుంది. అలా తిరిగినప్పుడు మోటారు జనరేటర్‌గా మారి బోర్డులోకి వోల్టేజీ పంపుతుందని కొందరు హెచ్చరిస్తారు. వోల్టేజీ పుట్టడం నిజం. బోర్డు దానివల్ల పాడవుతుందా అన్నదాని మీద మాత్రం టెక్నీషియన్లలోనే ఏకాభిప్రాయం లేదు. బేరింగు దెబ్బతింటుందన్నదాంట్లో వివాదం లేదు. ఫ్యాన్‌ను వేలితో ఆపి పట్టుకుంటే రెండు భయాలూ పోతాయి కాబట్టి ఈ వాదన తేలకపోయినా నష్టం లేదు.

వాక్యూమ్ క్లీనర్ వద్దనడానికి కారణం స్థిర విద్యుత్తు. దుమ్ముతో కూడిన గాలి ప్లాస్టిక్ గొట్టంలో రాసుకుంటూ పోతే ఆ మూతి దగ్గర చార్జ్ పోగవుతుంది. మనిషి చర్మానికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3000 వోల్టులు కావాలి, కొన్ని చిప్‌లు కొన్ని వందల వోల్టులకే దెబ్బతింటాయి. అంటే మనకు తెలియకుండానే పాడు చేయగలం. మరోవైపు, మన గాలిలో ఉండే చెమ్మకి ఈ ప్రమాదం పొడి దేశాల్లో ఉన్నంత ఉండదన్న మాటా సబబే. అయితే ఏసీ గదిలో, డిసెంబరు మధ్యాహ్నాల్లో ఆ రక్షణ తగ్గుతుంది. కేబినెట్ బయటి జాలీకి వాక్యూమ్ వాడితే తప్పు లేదు, బోర్డు దగ్గరికి తేవడమే ప్రశ్న.

పంక్చర్ షాపు కంప్రెసర్ విషయంలో మాత్రం నేను గట్టిగానే వద్దంటాను. ఒత్తిడి ఎక్కువన్నది ఒక కారణం, రెక్కలు విరుగుతాయి, చిన్న భాగాలు లేచిపోతాయి. అంతకంటే పెద్ద కారణం నీళ్లు. చెమ్మ గాలిని నొక్కి ట్యాంకులో నింపితే అందులోని ఆవిరి నీరై అడుగున చేరుతుంది. దానికి కంప్రెసర్ నూనె తోడవుతుంది. టైరుకి దాంతో ఏమీ కాదు. మదర్‌బోర్డు మీద అదే గాలి నీటి తుంపర, నూనె తుంపరగా పడుతుంది. నీటిని వడకట్టే ఫిల్టరు బిగించిన కంప్రెసర్ అయితే ఈ అభ్యంతరం పోతుంది.

ఆన్‌లైన్‌లో దొరికే గాలి డబ్బాల్లో సాధారణంగా ఉండేది గాలి కాదు, ఒత్తిడితో ద్రవంగా మార్చిన డైఫ్లోరోఈథేన్ లాంటి వాయువు. డబ్బా తలకిందులైతే అతి చల్లటి ద్రవం చిమ్ముతుంది. ఆ వాయువు అంటుకునేది కూడా, కనుక దీపం, అగరొత్తి దగ్గర వాడేది కాదు.

దులిపేటప్పుడు ప్లగ్ తీయాలా అన్న సంగతికి వస్తే, స్విచ్ ఆపి ప్లగ్ ఉంచితే స్థిర విద్యుత్తు పోవడానికి ఎర్త్ దొరుకుతుందని, అదే భద్రమని ఒక వర్గం చెబుతుంది. ఎర్త్ సరిగా ఉన్న ఇంట్లో ఆ వాదనలో అర్థముంది. మన పాత ఇళ్లలో ఎర్త్ తీగ చాలాచోట్ల పేరుకే ఉంటుంది. ఫేజ్, న్యూట్రల్ తారుమారైన సాకెట్‌లో స్విచ్ ఆపినా లోపలికి కరెంటు ఉంటుంది. కేబినెట్ ముట్టుకుంటే చిరుషాక్ కొడుతోందంటే అదే గుర్తు: ఎస్‌ఎంపీఎస్ ఫిల్టరు కెపాసిటర్ల (చార్జ్‌ను నిల్వ ఉంచుకునే భాగాలు) ద్వారా కారే కొద్దిపాటి కరెంటు వెళ్లడానికి ఎర్త్ లేదన్నమాట. దుమ్ము దులిపితే అది పోదు. ఇలాంటి ఇళ్లలో ప్లగ్ పీకేసి, కేబినెట్ ఇనుమును చేత్తో తాకి ఉండడమే మేలు.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పడం గురించి మాత్రం రెండు అభిప్రాయాల్లేవు. 230 వోల్టుల ఏసీ లోపల డీసీగా మారినప్పుడు పెద్ద కెపాసిటర్ల మీద సుమారు 325 వోల్టులు నిలుస్తాయి, ప్లగ్ పీకాక కూడా కొంతసేపు ఉండొచ్చు. దాని దుమ్ము జాలీలోంచి ఊదడం వరకే.

పేస్ట్ మార్చాలా

దుమ్ము దులిపేటప్పుడు హీట్‌సింక్ విప్పి పేస్ట్ కొత్తగా రాయాలా అన్నది పెద్ద చర్చే. మార్చాలనేవాళ్లు, ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారిన పేస్ట్ ఎండి పగులుతుందంటారు. ముట్టుకోవద్దనేవాళ్లు, నడుస్తున్నదాన్ని కదిపితే కొత్త సమస్య తెచ్చుకున్నట్టేనంటారు. ఇంటెల్‌తో వచ్చే ఫ్యాన్‌కి నాలుగు మూలలా ప్లాస్టిక్ మేకులుంటాయి, పాతబడి పెళుసెక్కి విప్పేటప్పుడు ఫట్‌మని విరుగుతాయి. ఒక్కటి విరిగినా హీట్‌సింక్ సమంగా ఆనదు. ఏఎం4 అనే సాకెట్ రకం వరకు వచ్చిన మామూలు ఏఎండీ డెస్క్‌టాప్ చిప్‌లకు పిన్నులు చిప్ అడుగునే ఉంటాయి. ఎండిన పేస్ట్ పట్టేస్తే హీట్‌సింక్‌తో పాటు చిప్ కూడా సాకెట్‌లోంచి ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. అందుకే తెలిసినవాళ్లు ముందు కంప్యూటర్‌ను కాసేపు నడిపి వేడెక్కించి, ఆపి, ప్లగ్ తీసి, హీట్‌సింక్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చేశాకే ఎత్తుతారు.

నా మొగ్గు మధ్యేమార్గానికి. ముందు దుమ్ము తీసి ఉష్ణోగ్రత చూడాలి. ఫ్యాన్ శుభ్రంగా తిరుగుతున్నా, గది చల్లగా ఉన్నా, పని మొదలవగానే చిప్ 90 దాటుతుంటే అప్పుడు పేస్ట్ మీదికి వెళ్లొచ్చు.

నెమ్మదిగా జరిగే నష్టం

ఆగిపోకపోయినా వేడి తన పని తాను చేస్తుంది. కెపాసిటర్లలో పాత రకం ద్రవ కెపాసిటర్లకు ఒక మోటు లెక్క ఉంది: పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు, పెరిగితే సగం. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు పనిచేస్తుందని రాసి ఉన్న కెపాసిటర్ 65 డిగ్రీల్లో 32,000 గంటలు నిలవాలి. రోజుకు ఎనిమిది గంటల వాడకంలో దాదాపు 11 ఏళ్లు. దుమ్ము వల్ల అదే చోటు 75 డిగ్రీలకు చేరితే ఐదున్నరేళ్లు. తల ఉబ్బిన కెపాసిటర్ కనిపించిందంటే ఆ గడువు ముగిసినట్టే. దుమ్ము దులపడం పోయిన ఆయుష్షును తిరిగి తేలేదు.

ఎన్నాళ్లకోసారి శుభ్రం చేయాలన్నదానికి ఒకే జవాబు కుదరదు. ఆటోనగర్ షెడ్డులో మూడు నెలలు ఎక్కువే, బల్ల మీద పెట్టిన ఇంటి కంప్యూటర్‌కి ఏడాదికోసారి, ఎండలు ముదరకముందు ఫిబ్రవరి, మార్చిలో చేస్తే సరిపోతుంది. ముందు జాలీకి నురగ ఫిల్టరు పెడితే దుమ్ము ఆగుతుంది, గాలి కూడా తగ్గుతుంది. దాన్ని తరచూ కడిగేవాళ్లకే అది లాభం. బట్ట కవరు వాడనప్పుడు మంచిదే, కవరు తీయకుండా స్విచ్ వేస్తే మాత్రం దుమ్ము చేసే పనినే కవరు చేస్తుంది.

మళ్లీ విండోస్ 10 దగ్గరికి

శుభ్రం చేసి, ఎస్‌ఎస్‌డీ వేసిన పాత డెస్క్‌టాప్ హాయిగా నడవొచ్చు. విండోస్ 11కి అర్హత దీనితో రాదు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా భాగం ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, అంటే 2017 చివర్లో మొదలైన చిప్‌లు లేదా తర్వాతివి కావాలి. అంతకంటే పాతదైతే ఇళ్లలో వాడుకునేవాళ్లకు 2026 అక్టోబరు 13 వరకు ఇచ్చిన అదనపు భద్రతా అప్‌డేట్లు ఒక దారి, విండోస్‌కి బదులు లినక్స్ వేసుకోవడం మరో దారి. ఇంటర్నెట్ అక్కర్లేని పనికి, పాత ఖాతాలు చూసుకోవడానికో పెళ్లి ఫొటోలు తీసుకోవడానికో అయితే ఈ తేదీలతో నిమిత్తం లేదు. అలాంటి పెట్టె ఒకసారి లేచిందంటే, మిగతా రిపేర్ల కంటే ముందు అందులోని ఫైళ్లను వేరే చోటికి కాపీ చేసుకోవాలి. ఐదారేళ్లు కదలకుండా ఉన్న హార్డ్ డిస్క్ రెండోసారి కూడా తిరుగుతుందని ఏ షాపూ హామీ ఇవ్వలేదు.